నోటికి తగలని మందు

బద్వేలు,
18-6-2024.

వాసవీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ కాలంలో ఉత్తరాలు రాసేది కోర్టువాళ్లూ నేనూ మాత్రమేనని నాకూ తెలుసు. కానీ ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడేసరికి దగ్గు తెర వస్తోంది. అవతల నువ్వు "అత్తా, అత్తా" అంటావు, ఇవతల నేను దగ్గుతూనే ఉంటాను, ఇద్దరం ఏమీ చెప్పుకోకుండానే పెట్టేస్తాం. రాస్తే ఆయాసం రాదు. అందుకని మేనకోడలికి మేనత్త ఇకనుంచి ఇలాగే మాట్లాడుతుంది.

ఉగాది తర్వాత నా ఊపిరి బాగా చెడింది. అంగట్లో పైఅరలో ఉన్న కుంకుమ డబ్బా దించాలంటే పనివాడు చిన్న ఈరన్నను పిలవాల్సి వస్తోంది. వాడూ నా వయసువాడే, అయినా వాడు స్టూలెక్కుతాడు, నేను కింద నిలబడి ఈలలు వేస్తాను. అంటే నోటితో కాదు, ఎదలోంచి వస్తుంది ఆ ఈల. మా అన్నకు, అదే మీ నాన్నకు, వచ్చేది గుర్తుందిగా. సరిగ్గా అదే చప్పుడు. అన్న పోయి పదకొండేళ్లయింది, ఇప్పుడు ఆ చప్పుడు నాలోంచి వింటున్నాను.

మొన్న ఆదివారం చైతన్య ఎర్రగుంట్ల నుంచి వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి వాడికి అంగడంటే చిన్నచూపు. లోపలికి రాడు. మెట్టు మీద ఐదు నిమిషాలు నిలబడతాడు, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుంటాడు, ఇంటికి పోదాం పద అంటాడు. ఆ మిరపకాయల మూటల మీద నిద్రపోయి పెరిగిన నా కొడుకు వాడు. ఈసారి మెట్టు మీదే నిలబడి తీర్పు కూడా చెప్పేశాడు.

"మా, ఇంక ఈ అంగడి చాలు. ఈ మిరపకాయల ఘాటుతోనే నీకిట్లయ్యింది. గాబ్రియేలన్న సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకుంటానని అడుగుతాండాడు. దసరాకు ఇచ్చేద్దాం. నువ్వొచ్చి నాకాడ ఉండు."

మీ మామ పోయాక ఇరవై రెండేళ్లుగా ఆ అంగట్లో నేను కూర్చున్నాను. బద్వేలులో నన్ను రాజ్యలక్ష్మమ్మ అనేవాళ్లు తక్కువ, అంగడమ్మ అనేవాళ్లే ఎక్కువ. అది పోతే నేనెవరినో నాకే తెలియదు. అందుకని వాడితో పందెం వేశాను. దసరాలోపల నా ఊపిరి బాగు చేసుకుంటా, చేసుకోలేకపోతే తాళంచెవి నా చేత్తో నేనే గాబ్రియేలుకు ఇస్తా అన్నాను. కర్నూలులో మంచి ఊపిరితిత్తుల డాక్టరును చూసి పెట్టు. నేను ఓడిపోదలుచుకోలేదు.

మీ అత్త,
రాజ్యలక్ష్మమ్మ


కర్నూలు,
24-6-2024.

అంగడమ్మగారికి మేనకోడలి నమస్కారాలు,

ఉత్తరం చూడగానే నిజంగానే భయపడ్డాను అత్తా, కోర్టువాళ్లేమో అని.

జూలై ఎనిమిది, సోమవారం, పదిన్నరకు శిల్ప అనే డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. నువ్వు ఏడో తేదీ సాయంత్రానికి మైదుకూరు, నంద్యాల మీదుగా వచ్చే బస్సెక్కి రా. ఉదయం నేనే తీసుకెళ్తాను కానీ పదకొండున్నరకు నేను తొమ్మిదో తరగతికి లెక్కల పరీక్ష పెట్టాలి, మధ్యలో వెళ్లిపోవాలి. ఆసుపత్రిలో కృపమణి అనే నర్సు ఉంటుంది, చాలా ఓపిక.

ఒక ముఖ్యమైన సంగతి. చేతి మీద చర్మానికి పరీక్ష చేస్తారు, ఏది పడదో తెలుసుకోవడానికి. దానికి వారం ముందునుంచి జలుబు మాత్రలు వేసుకోకూడదు. వేసుకుంటే పరీక్ష అబద్ధం చెబుతుంది. నీ అంగట్లో గల్లా పక్కన ఉండే ఆ పసుపు రంగు మాత్రల పట్టీ సంగతి నాకు తెలుసు. జూలై ఒకటో తేదీన దాన్ని ఈరన్నకు ఇచ్చెయ్యి. ఆయాసం మరీ ఎక్కువైతే మాత్రం పంతం పట్టకుండా ఫోన్ చెయ్యి. మాట్లాడలేకపోయినా సరే, దగ్గు వింటే నాకు అర్థమవుతుంది.

నాన్నకు ఉబ్బసం ఉండేదని డాక్టరుతో తప్పకుండా చెప్పు. ఇది వంశంలో నడుస్తుందట. నాన్నకు వైద్యం ఆలస్యంగా మొదలైంది. నీ విషయంలో అలా జరగనివ్వను. పందెం నీదే కాదు, నాదీ.

వాసవి


బద్వేలు,
20-7-2024.

లెక్కల టీచరుకు ఆశీస్సులు,

నువ్వు పరీక్ష కోసం పరుగెత్తాక ఏం జరిగిందో చెప్పాలి కదా. ముందు ఒక యంత్రంలోకి ఊదమన్నారు. దాని మూతి చూడగానే నేను వెనక్కి తగ్గాను. "అమ్మా, ఇది ఒక్కొక్కరికీ కొత్తది వేస్తాం, అట్ట గొట్టం, తర్వాత పారేస్తాం" అని కృపమణి చూపించింది. అప్పుడు ఊదాను. నూట డెబ్బై వచ్చింది. నా వయసుకి, ఎత్తుకి మూడు వందల యాభై దాకా రావాలట. సగం ఊపిరితో ఇన్నాళ్లూ వ్యాపారం చేశానన్నమాట.

తర్వాత మోచేతి కింద వరసగా చుక్కలు పెట్టి సూదితో గీరారు. పదిహేను నిమిషాల్లో మూడు చోట్ల దోమ కుట్టినట్టు పొంగింది. ఒకటి పరుపుల్లో ఉండే కంటికి కనబడని పురుగు. రెండోది వయ్యారిభామ పుప్పొడి. మూడోది బొద్దింక. మిరపకాయ లేదు. డాక్టరమ్మను రెండుసార్లు అడిగాను. "మిరప ఘాటు ఊపిరి గొట్టాలను రేపుతుందమ్మా, కానీ మీ జబ్బుకు మూలం అది కాదు" అంది. ఈ మాట కాగితం మీద రాయించుకుని ఉంటే చైతన్య ముఖాన పెట్టేదాన్ని.

ఇంటికి రాగానే ముప్పై మూడేళ్ల బూరుగుదూది పరుపు బయట వేయించాను. నా పెళ్లిది. బాధనిపించింది, అయినా వేయించాను. ఇంటి వెనక వయ్యారిభామ మొక్కలన్నీ ఈరన్న ముఖానికి తువ్వాలు కట్టుకుని పీకాడు. నేను ఆ రోజంతా అంగట్లోనే ఉన్నాను. బొద్దింకల మందు పెట్టించాను.

ఇక నొక్కుడు మందు, వాళ్ల భాషలో ఇన్‌హేలర్. రోజూ వాడాల్సింది నారింజ రంగుది, ఆయాసం వచ్చినప్పుడు మాత్రం నీలం రంగుది. కృపమణి చాలా బాగా చూపించింది. నెలరోజుల్లో తేడా తెలుస్తుందన్నారు. నువ్వేమీ బెంగ పెట్టుకోకు, క్రమం తప్పేది లేదు.

మీ అత్త


కర్నూలు,
19-8-2024.

అత్తా,

వరలక్ష్మీ వ్రతం బాగా జరిగిందని తలుస్తాను. ఇక్కడ మేము మామూలే.

ఈ ఉత్తరం రాయడానికి వారం ఆలోచించాను. పన్నెండో తేదీ నువ్వు వచ్చినప్పుడు యంత్రంలో నూట అరవై ఐదు వచ్చింది. తగ్గింది అత్తా. పరుపు పారేశావు, మొక్కలు పీకించావు, మందు వాడుతున్నావు, అయినా తగ్గింది. డాక్టరు ఎక్కువ బలం ఉన్న మందు రాసి పంపింది. నువ్వు బయటికి వెళ్లాక నన్ను ఆపి, "మీ అత్తగారు నిజంగా వాడుతున్నారా? చాలామంది అలవాటైపోతుందని భయపడి మానేస్తారు" అని అడిగింది.

నిన్ను అడిగి చెబుతానన్నాను. నువ్వు నాతో నిజం చెప్పు. మానేశావా? రోజు విడిచి రోజు వాడుతున్నావా? శ్రావణం మడి అని వారం వదిలేశావా? తిట్టను. కానీ తెలియకపోతే డాక్టరు మందు పెంచుతూ పోతుంది.

ఇంకోటి. చైతన్య ఫోన్ చేసి యంత్రంలో ఎంత వచ్చిందని అడిగాడు. దాచలేదు. "అయితే దసరాకు అంగడి ఇచ్చేసేదే" అన్నాడు. నేను కాదనలేదు. నాకు నువ్వు ముఖ్యం, అంగడి కాదు.

వాసవి


బద్వేలు,
26-8-2024.

శ్రీవాసవికి,

దొంగను అడిగినట్టు అడిగావు. సరే, సాక్ష్యం ఇస్తాను.

నొక్కుడు మందు వెనక అంకెలు తిరుగుతాయి కదా. మొదటిది నూట ఇరవైతో మొదలై సున్నా దాకా వచ్చింది, రెండోది వందకు దిగింది. పన్నెండో తేదీ రాత్రి మొదలుపెట్టిన బలమైనది ఈ పొద్దుటికి అరవై నాలుగు దగ్గర ఉంది. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు. నువ్వే లెక్క కట్టుకో, నీ వృత్తి అదేగా. వ్రతం రోజు కూడా వదలలేదు. మడికీ దానికీ అడ్డం రాకుండా నేను చూసుకోలేనా?

నువ్వేదో అనుమానపడుతున్నావు గానీ, నేను వాడినంత శుచిగా ఆ ఆసుపత్రిలో ఎవరూ వాడి ఉండరు. స్నానం చేసి, దీపం పెట్టి, తల పైకెత్తి, నోరు బాగా తెరిచి, జానెడు పైనుంచి నొక్కుకుంటాను. మన ఇంట్లో చెంబుతో నీళ్లు ఎత్తి తాగినట్టే. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా పెదవికి తగలనివ్వలేదు. ఎంగిలి కాలేదు కాబట్టే దేవుడి గూటి పక్కన పెట్టుకోగలుగుతున్నాను. కృపమణి కూడా నోటికి దూరంగా పట్టుకునే చూపించింది. ఆ పిల్లకు ఉన్న శుభ్రత చూసి నాకు ముచ్చటేసింది.

చైతన్యతో నువ్వు చేతులు కలిపావని అర్థమైంది. అంగడి ముఖ్యం కాదని రాశావు. మీ నాన్న పోయిన ఏడాది నీ ఎమ్మెస్సీ ఫీజు ఏ అంగట్లోంచి వచ్చిందో నేను గుర్తు చేయను. మందు పనిచేయకపోతే అది మందు తప్పు, డాక్టరు తప్పు. నా తప్పు కాదు. దసరాకు ఇంకా నలభై ఏడు రోజులు ఉన్నాయి.

రాజ్యలక్ష్మమ్మ


కర్నూలు,
30-8-2024.

అత్తా,

నిన్ను అనుమానించినందుకు ముందు నన్ను క్షమించు. నువ్వు ఒక్క పూట కూడా వదల్లేదు. నీ లెక్క సరిపోయింది.

తప్పెక్కడో దొరికింది. స్టాఫ్ రూములో నిలబడే ఉత్తరం చదివాను, జానెడు అన్నచోట ఆగిపోయాను. సాయంత్రం నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ నాలుగు వాక్యాలు చదివి వినిపించాను. ఆమె తల పట్టుకుంది. కృపమణిని పిలిచింది. పాపం ఆ అమ్మాయి దగ్గరున్నది చూపించడానికి పెట్టుకున్న ఖాళీ డబ్బా. రోజుకు ముప్పై మందికి దాంతోనే చూపించాలి, అందుకని తను నోట్లో పెట్టుకోదు. "పెదాలు గట్టిగా మూయాలని చెప్పినాను మేడమ్, ఆమె చెయ్యి చూసింది గానీ మాట విన్లేదేమో" అంది.

యాభై రోజులుగా నువ్వు నీ నాలుకకూ, పళ్లకూ, దేవుడి గదిలో గాలికీ వైద్యం చేస్తున్నావు అత్తా. ఊపిరితిత్తులకు చుక్క కూడా చేరలేదు. మందు కాదు తప్పు, డాక్టరు కూడా కాదు.

పార్సిల్‌లో ఒక ప్లాస్టిక్ గొట్టం పంపుతున్నాను. మందును దాని ఒక చివర బిగించి, రెండో చివర పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు మూయాలి. ఒకసారి నొక్కాలి, నిదానంగా లోపలికి పీల్చాలి, పది లెక్కపెట్టేదాకా ఆపాలి. రెండోసారీ అలాగే. ఎంగిలి అంటావని నాకు తెలుసు. అందుకు డాక్టరు ఒక మాట చెప్పింది, నీకు నచ్చుతుంది. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోరు పూస్తుంది. గొట్టాన్ని వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టుకోవాలి. మన శుచికి మించిన శుచి అక్కడే ఉంది. దేవుడి గూటి పక్కన మాత్రం వద్దు, దానికి వేరే చోటు చూడు.

అంగడి ముఖ్యం కాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా ఫీజు సంగతి నేనెప్పుడూ మరచిపోలేదు.

వాసవి


బద్వేలు,
9-9-2024.

వాసవీ,

గొట్టం చేరింది. వారం రోజులు పెట్టె విప్పలేదు. ఎంగిలి గొడవ వల్ల అనుకుంటావు. కాదు.

నీ ఉత్తరం చదివిన రోజు అంగడి మధ్యాహ్నమే మూశాను. పండగలకు తప్ప అలా ఎప్పుడూ మూయలేదు. ఇంటికి వచ్చి మీ నాన్న కూర్చునే కుర్చీ ఎదురుగా కూర్చున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. చివరి ఏడాది మీ నాన్నకు కడపలో ఒక డాక్టరు ఇలాంటి నొక్కుడు మందే ఇచ్చాడు. నువ్వప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉన్నావు. మొదటి రోజు అన్న దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చాడు. నేను వంటింట్లోంచి చూసి, "ఏందన్నా, నోట్లో పెట్టుకున్యావు, మళ్లా దాన్ని యాడ పెడతావు? ఇంట్లో పూజలు జరుగుతాండాయి, ఎత్తి కొట్టుకోరాదా" అన్నాను. అన్న ఎప్పుడూ నా మాట కాదనేవాడు కాదు. నవ్వి, "సరేలేమ్మే, నీ మడి నాకెందుకు చెరచాల" అన్నాడు. ఆ రోజు నుంచి చివరి రోజు దాకా ఎత్తే కొట్టుకున్నాడు. ఎంత వాడినా గుణం కనిపించలేదని మందును తిట్టాం, డాక్టరును తిట్టాం. ఊరందరితో కలిసి నేనూ తిట్టాను.

మా అన్న రామసుబ్బయ్యకు ఆ పద్ధతి నేర్పింది నేను. నాకు ఎవరూ నేర్పలేదు, అన్నకు నేర్పిందే నేనూ చేశాను. ఇది నీతో చెప్పకుండా ఆ గొట్టం నోట్లో పెట్టుకోలేకపోయాను. నా మేలు కోసం నువ్వు నాకు నేర్పావు. మా అన్న మేలు కోసం నేనేం చేశానో చూడు.

ఇప్పుడు నువ్వు ఏమన్నా పడతాను. జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను. కానీ ఉత్తరం ముగించే ముందు ఇది కూడా చెప్పాలి. ఇవాళ ఉదయం పెట్టె విప్పాను. గొట్టం పళ్ల మధ్య పెట్టుకున్నాను, పెదాలు మూశాను, నొక్కాను. ఛాతీలోకి చల్లగా ఏదో వెళ్లింది. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ అలా వెళ్లలేదు. అన్నకు కూడా వెళ్లి ఉండేది కదా అనుకుని చాలాసేపు ఏడ్చాను.

నీ అత్త


కర్నూలు,
15-9-2024.

అత్తా,

కోపం రాలేదని అబద్ధం రాయను. రెండు రోజులు వచ్చింది. నీ మీద, నాన్న మీద, ఆ కడప డాక్టరు మీద, ఆ ఏడాది హాస్టల్లో కూర్చుని పరీక్షలు రాసుకున్న నా మీద కూడా. మూడో రోజు శిల్ప డాక్టరును అడిగాను. "మీ నాన్నగారు చాలా ఆలస్యంగా వైద్యానికి వచ్చారు, సరిగ్గా పీల్చినా బతికేవారని నేను చెప్పలేను, బతికేవారు కాదని కూడా చెప్పలేను" అంది. ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆమెకు దండం పెట్టాను. నీకూ ఉన్నదున్నట్టే రాస్తున్నాను. నాలోనూ ఆ ప్రశ్న ఉంటుంది, నీలోనూ ఉంటుంది. ఇద్దరం పంచుకుని మోద్దాం.

కానీ ఒకటి విను. నాన్నకు ఆయాసం వచ్చిన ప్రతిసారీ వీపు రాసింది నువ్వు. వేణ్ణీళ్లు కాచింది నువ్వు. నీకు తెలిసి ఉంటే దేవుడి గూడే బయట పెట్టేదానివి. నీకు ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్లం ఇప్పుడు మనం ఉన్నాం. కాబట్టి శిక్ష ఏమిటో నేను చెబుతాను, పాటించు. పొద్దున రెండు, రాత్రి రెండు, పెదాలు మూసి. మీ అంగడికి వచ్చేవాళ్లలో నొక్కుడు మందు వాడేవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా వాడుతున్నారో అడుగు.

ముప్పయ్యో తేదీ పరీక్ష. నేను సెలవు పెట్టాను, ఈసారి మధ్యలో వెళ్లను.

నీ వాసవి


బద్వేలు,
13-10-2024.

మా వాసవికి,

ఆ రోజు యంత్రంలో మూడు వందల పది వచ్చినప్పుడు నువ్వు కృపమణిని కౌగిలించుకున్నావు గానీ నన్ను కౌగిలించుకోలేదు. అది అలా ఉంచు. నువ్వు వేసిన శిక్ష పాటిస్తున్నాను. ఇప్పటిదాకా నలుగురు దొరికారు, అందులో ఇద్దరు ఎత్తి కొట్టుకునేవాళ్లే. ఒక ముసలాయన ఏకంగా ముక్కులో కొట్టుకుంటున్నాడు. అందరికీ అంగట్లోనే, గల్లా ముందు నిలబెట్టి, నా గొట్టం నా నోట్లో పెట్టుకుని చూపించాను. మా వాళ్లు కొందరు ముఖం చిట్లించారు. చిట్లించనీ.

నిన్న విజయదశమి. అమ్మవారిశాలలో అలంకారం చూసుకుని అంగడి తెరిచాను. మాట ప్రకారం చైతన్య వచ్చాడు, వెంట గాబ్రియేలు. నేను గెలిచానని ముందే తెలుసు కాబట్టి గట్టిగానే కూర్చున్నాను. "మెట్టు మీద నిలబడి మాట్లాడితే కుదరదు. నా ఊపిరి చూడాలంటే లోపలికి రా. అంగడి వాసన పడదా నీకు?" అన్నాను. వాడు గాబ్రియేలు వైపు చూశాడు, నా వైపు చూశాడు. లోపలికి వచ్చాడు. మిరపకాయల మూటల పక్కన నిలబడి "మా" అన్నాడు, అంతే. తర్వాత మాట రాలేదు. రెండు చేతులూ గల్లా బల్ల మీద ఆనించి వంగిపోయాడు. భుజాలు పైకి లేస్తున్నాయి. ఆ ఈల వినబడింది వాసవీ. మా అన్నది, నాది, ఇప్పుడు నా కొడుకుది.

నేను ఆలోచించలేదు. వాడి రెక్క పట్టుకుని బయటి గాలిలోకి లాక్కొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టాను. నా నీలం రంగు మందు నా గొట్టానికి బిగించి వాడి నోట్లో పెట్టాను. అరగంట ముందే నేను వాడింది, కడగాలన్న ఊహే రాలేదు. "పెదాలు మూయ్, గట్టిగా మూయ్ నాయనా, ఇప్పుడు పీల్చు" అన్నాను. ఒక్కొక్కసారి నొక్కుతూ, నాలుగు శ్వాసలు లెక్కపెడుతూ, ఆగుతూ, మళ్లీ నొక్కుతూ. అమ్మవారిశాల నుంచి వచ్చేవాళ్లందరూ గుమిగూడారు. పదినిమిషాలకు వాడి ముఖంలోకి రంగు వచ్చింది. గాబ్రియేలు పాపం చెమటతో తడిసిపోయాడు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లి, గంటసేపు ఆవిరి మందు పెట్టించి, ఇంటికి దింపిపోయింది అతనే. "అంగడి మాట ఇంక ఎత్తనులేమ్మా, నేను వేరేచోట చూసుకుంటా" అని వెళ్లిపోయాడు.

రాత్రి వాడికి మజ్జిగన్నం పెట్టి అడిగాను. తల దించుకుని చెప్పాడు.

"రెండేండ్లాయ మా. ఫ్యాక్టరీలో దుమ్ము లేస్తే వస్తాది. ఈడ అంగట్లోకి అడుగు పెడితే గొంతు పట్టేస్తాది, అందుకే మెట్టు మీదనే నిలబడేది. నీకు చెప్తే మేనమామ మాదిరి అయిపోతానని బెదిరిపోతావని చెప్పలా. నాకే ఇట్లుంటే పొద్దస్తమానం ఈడ కూర్చునే నీకెట్లుంటాదో అని అంగడి తీసేద్దామంటిని."

రెండేళ్లు వాడిని చదువు తలకెక్కినవాడు అనుకున్నాను. కన్నతల్లిని అయివుండి మెట్టు మీద నిలబడ్డ బిడ్డ ముఖం చూడలేదు, రుమాలు చూశాను.

ఈ పొద్దున మిరపకాయల మూటలన్నీ మార్కెట్టు దగ్గరి వ్యాపారికి తోలించేశాను. ఇక ఆ సరుకు దించను. డాక్టరమ్మ నాకు మూలం అది కాదన్నా, నా కొడుకు లోపలికి రాలేని అంగడి నాకెందుకు? పప్పులు, ఉప్పులు, బెల్లం, పూజ సామాను అమ్ముకుంటాను. సాయంత్రానికి ఈరన్న గది అంతా కడిగాడు. చైతన్య లోపలికి వచ్చి, గల్లా దగ్గర నా కుర్చీలో పావుగంట కూర్చుని, టీ తాగి వెళ్లాడు.

ఇరవై ఒకటో తేదీ సోమవారం ఇద్దరం వస్తున్నాం. జలుబు మాత్రలు ఈరోజు నుంచే మాన్పించాను, కొత్త గొట్టం కొనిచ్చాను. నువ్వు ఆసుపత్రిలో వాడి పేరు రాయించు. నాగచైతన్య, వయసు ముప్పై ఒకటి, ఊరు ఎర్రగుంట్ల. మేనమామకు ఉబ్బసం, తల్లికి ఉబ్బసం. ఎన్నాళ్ల నుంచి అని అడుగుతారు. రెండేళ్ల నుంచి అని రాయించు. తల్లి గమనించలేదని కూడా రాయించు.

మీ అత్త